హ్యూగో ప్రాట్

హ్యూగో ప్రాట్ (జూన్ 15, 1927 - ఆగష్టు 20, 1995) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ బొమ్మల కథల చిత్రకారుడు, రచయిత. ఇతని అసలు పేరు ఊగో ఎయుజేనియో ప్రాట్. కోర్టో మాల్టీస్ అనే నావికుని పాత్రను సృష్టించి ఐరోపాలో విశేష ఖ్యాతిని పొందాడు. పిల్లల కాలక్షేపంగా భావింపబడుతున్న బొమ్మల కథ పెద్దలు చదువదగిన సాహిత్యంగా గుర్తింపు పొందడంలో ఇతని పాత్ర గణనీయమైనది.

బాల్యము

ప్రాట్ రిమిని సమీపంలో జన్మించాడు. బాల్యం వెనిస్ నగరంలో గడచింది. తల్లి ఎవెలీనా జెనేరో. మాతామహుడు వెనిస్ మాండలికంలో కవిత్వం వ్రాసినవాడు. 1930వ దశకంలో ఇటలీ ఇథియోపియాను ఆక్రమించుకొన్న తరువాత తండ్రి రోలాండో ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్ళగా, కుటుంబం కూడా ఆయనను అనుసరించింది. పధ్నాలుగేళ్ళ ప్రాయంలోనే తండ్రి ఇతనిని వలస పోలీసు దళంలో చేర్పించాడు. 1941లో బ్రిటిషు సేనలు ఆ ప్రాంతాన్ని జయించి రోలాండోను బంధించాయి. 1942లో ఆయన యుద్ధఖైదీగానే మరణించాడు. తల్లీకొడుకులు డిరె దావా నిర్బంధ శిబిరంలో కొంతకాలం గడిపారు. ఆ శిబిరంలోని కాపలా సైనికుల వద్ద ప్రాట్ బొమ్మల కథల పుస్తకాలు కొనుక్కొని చదివేవాడు. తరువాత రెడ్ క్రాస్ సహాయంతో వారు స్వదేశం చేరుకొన్నారు.

అమెరికా చిత్రకారుడు మిల్టన్ కానిఫ్ ప్రభావం ఇతనిపై అధికం. తెల్ల కాగితంపై చిక్కని నల్లసిరా నీడలతో దృశ్యాన్ని నిలబెట్టే విధానాన్ని ఆయన నుండే గ్రహించాడు.

అర్జెంటీనాలో

యుద్ధానంతరం 1945లో మారియో ఫౌస్టినెల్లి, ఆల్బెర్టో ఓంగారో మొదలగు మిత్రులతో కలసి వెనిస్ నుండి "ఆస్సో ది పిక్కే" (ఇస్పేటు ఆసు) పత్రికను వెలువరించాడు. ఈ బృందం పనితనాన్ని గుర్తించి, బ్యూనస్ ఎయిర్స్ లోని అబ్రిల్ ప్రచురణ సంస్థ వీరిని ఆహ్వానించింది. 1949లో ప్రాట్ అర్జెంటీనాకు తరలివెళ్ళి, పుష్కరకాలం పాటు ఎక్కువగా అక్కడే గడిపాడు.

అక్కడ రచయిత హెక్టర్ జెర్మాన్ ఓస్టర్‌హెల్డ్‌తో ఏర్పడిన సాహచర్యం ఇతని వృత్తిజీవితంలో ముఖ్యమైనది. వీరిరువురూ కలసి సార్జెంట్ కిర్క్ (1953), ఎర్నీ పైక్ (1957), టికొండెరోగా (1957) కథలను రూపొందించారు. ఎర్నీ పైక్ ఒక యుద్ధ విలేఖరి. అతని కథలలో విజయోత్సాహం కంటే ఇరుపక్షాల సైనికుల దైన్యమే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ పాత్రకు ప్రాట్ ఓస్టర్‌హెల్డ్ ముఖాన్నే ఇచ్చాడు. 1977లో అర్జెంటీనా సైనిక ప్రభుత్వ కాలంలో ఓస్టర్‌హెల్డ్ అపహరణకు గురై తిరిగి రాలేదు. ఆయన నలుగురు కుమార్తెలదీ అదే గతి. నేటి పాఠకునికి పైక్ బొమ్మను చూచినపుడు ఈ సంగతి స్ఫురించక మానదు.

ప్రాట్ అక్కడి చిత్రకళా పాఠశాలలో బోధించాడు కూడా. 1959లో ప్రారంభమైన "అన్నా నెల్లా జుంగ్లా" కథకు రచన, చిత్రణ రెండూ తానే నిర్వహించాడు.

కోర్టో మాల్టీస్

1962లో ఇటలీకి తిరిగి వచ్చి "కోర్రియేరే దెయ్ పికోలి" అనే పిల్లల పత్రికలో పనిచేశాడు. స్టీవెన్సన్ నవల ట్రెజర్ ఐలాండ్‌ను మీనో మిలానీ అనుసరణతో బొమ్మల కథగా చిత్రించాడు. 1967లో జెనోవాకు చెందిన ఫ్లోరెంజో ఇవాల్డీ "సార్జెంట్ కిర్క్" పేరుతోనే ఒక పత్రికను స్థాపించగా, జూలైలో వెలువడిన మొదటి సంచికలో "ఉనా బల్లాటా దెల్ మారే సలాతో" (ఉప్పు సముద్రపు గాథ) ఆరంభమయింది.

మొదటి ప్రపంచయుద్ధ కాలపు పసిఫిక్ ద్వీపాలలో జరిగే ఈ కథను ఆరంభంలో సముద్రమే చెబుతుంది. కోర్టో మాల్టీస్ తెప్పకు కట్టివేయబడి నడిసముద్రంలో తేలుతూ కనిపిస్తాడు. అప్పటికి అతడు అనేక పాత్రలలో ఒకడు మాత్రమే. 1970లో ప్రాట్ ఫ్రాన్స్‌కు చేరి "పిఫ్ గాడ్జెట్" వారపత్రికలో చిన్న కథలు వ్రాయడం మొదలుపెట్టిన తరువాతనే అతడు పూర్తి నాయకుడయ్యాడు. కథ ప్రకారం కోర్టో 1887లో మాల్టాలో జన్మించాడు. తండ్రి కార్న్‌వాల్ నావికుడు, తల్లి జిబ్రాల్టర్ జిప్సీ స్త్రీ. అరచేతిలో విధిరేఖ లేదని తెలిసి, తండ్రి మంగలికత్తితో తానే గీసుకొన్నాడట. ఈ ఒక్క చేష్టతో పాత్ర స్వభావం తెలిసిపోతుంది.

ఇథియోపియా అనుభవాలు ఇతనిని విడువలేదు. "లే ఎతియోపికే" కథలలో కోర్టోకు తోడైన డనాకిల్ యోధుడు కుష్, సామ్రాజ్యాల పట్ల ఏమాత్రం గౌరవం లేనివాడు. 1969లో మొదలైన "ఎడారి తేళ్ళు" కథావళిలో నాయకుడు బ్రిటిషు పక్షాన పోరాడే పోలెండ్ అధికారి. తండ్రి పక్షాన్ని ఓడించిన సైన్యం వైపు నిలబడి కథ చెప్పడం గమనార్హం.

చివరి దశ

చివరి దశాబ్దంలో స్విట్జర్లాండ్‌లో లౌసాన్ సమీపాన గల గ్రాన్‌వోలో నివసించాడు. శిష్యప్రాయుడైన మీలో మనారాకు రెండు కథలు వ్రాసి ఇచ్చాడు. కోర్టో చివరి కథ "మూ". 1995లో క్యాన్సర్ వ్యాధితో మరణించాడు. సమాధి గ్రాన్‌వోలోనే ఉన్నది.

2005లో ఐస్నర్ పురస్కారాల ప్రముఖుల జాబితాలో ఇతని పేరు చేర్చబడింది. 2015 నుండి రచయిత హువాన్ దియాజ్ కనాలెస్, చిత్రకారుడు రూబెన్ పెల్లెహేరో కోర్టో మాల్టీస్ కొత్త కథలను వెలువరించారు.