సముద్రం మీద రాసిన నిజం: హాజీ ఇబ్న్ జుబైర్ జీవిత కథ

ఇబిజా, మజోర్కా, మినోర్కా, సార్డీనియా, సిసిలీ.. మధ్యధరా సముద్రంలోని ఈ దీవుల పేర్లు వింటే ఇప్పుడు గుర్తొచ్చేవి విహార నౌకలే. డబ్బున్నవాళ్లు ఒక యాట్ అద్దెకు తీసుకుంటారు. వారం రోజుల్లో నాలుగు దీవులు చుట్టేసి, ఫొటోలు దిగి ఇంటికి వెళ్లిపోతారు. ఇవే నీళ్ల మీద 1183లో ఒక పెద్దమనిషి ప్రయాణం చేశారు. ఆయన షికారుకు వెళ్లలేదు. తన చేత బలవంతంగా చేయించిన ఒక పాపాన్ని కడుక్కోవడానికి హజ్‌కు బయల్దేరారు. దారిలో చూసింది చూసినట్టు రాశారు. తనవాళ్ల తప్పు కనబడితే దాచలేదు, పరాయివాళ్ల మంచి కనబడితే మింగేయలేదు. ఆయనే ఇబ్న్ జుబైర్.

ఏడు గిన్నెల కథ

పూర్తి పేరు అబుల్ హుసైన్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ ఇబ్న్ జుబైర్. 1145లో ముస్లింల పాలనలో ఉన్న స్పెయిన్‌లో, అంటే అందలూస్‌లో, వలెన్సియా నగరంలో పుట్టారు. మంచి చదువున్న కుటుంబం. అరబీ సాహిత్యం, ధర్మశాస్త్రం బాగా చదువుకున్నారు. చేతిరాత, భాష రెండూ బాగుండటంతో గ్రనాడా గవర్నర్ దగ్గర కార్యదర్శి ఉద్యోగం దొరికింది. ఆ గవర్నర్ అప్పట్లో పాలిస్తున్న అల్ మొహద్ రాజవంశానికి చెందిన యువరాజు.

తర్వాతి కాలపు చరిత్రకారులు చెప్పే కథనం ఇలా ఉంది. ఒకరోజు ఏదో ఉత్తరం రాయించడానికి గవర్నర్ ఆయన్ను పిలిపించాడు. అప్పటికే మద్యం తాగుతున్న గవర్నర్, ఇబ్న్ జుబైర్‌కు కూడా ఒక గిన్నె అందించాడు. తాను ఎప్పుడూ ముట్టలేదని ఆయన ఎంత చెప్పినా వినలేదు. ఏడు గిన్నెలు తాగాల్సిందేనని పట్టుబట్టాడు. పైవాడి కోపానికి భయపడి ఆయన తాగేశారు. తర్వాత గవర్నర్‌కే జాలి కలిగి, అదే గిన్నెను ఏడుసార్లు బంగారు దీనార్లతో నింపి ఇచ్చాడట. డబ్బయితే వచ్చింది గానీ మనసు కుదుటపడలేదు. హజ్ చేసి ఈ పాపానికి తౌబా చేసుకోవాలని ఆయన నిశ్చయించుకున్నారు.

1183 ఫిబ్రవరి 3న గ్రనాడా నుంచి కదిలారు. తోడుగా అహ్మద్ ఇబ్న్ హస్సాన్ అనే వైద్యుడు వచ్చారు. జలసంధి దాటి ఆఫ్రికా ఒడ్డున ఉన్న సబ్తా రేవుకు చేరారు. అక్కడ అలెగ్జాండ్రియాకు వెళ్లే ఓడ దొరికింది. అది జెనోవా నగరానికి చెందిన క్రైస్తవుల ఓడ. క్రూసేడ్ యుద్ధాలు నడుస్తున్న రోజులవి. అయినా హాజీలు క్రైస్తవుల ఓడెక్కడం, వ్యాపారులు అటూ ఇటూ తిరగడం మామూలే. ఫిబ్రవరి 24న ఓడ కదిలింది. మర్నాడు శుక్రవారం, గ్రనాడా పక్కన ఉండే మంచు కొండలు సముద్రం మీదికి కనబడుతుండగా, ఇబ్న్ జుబైర్ తన ప్రయాణ పుస్తకం రాయడం మొదలుపెట్టారు. సొంత ఊరి కొండలు ఇంకా కంటికి ఆనుతూనే ఉన్నాయి.

దీవుల వారం

ఓడ కొన్ని రోజులు అందలూస్ తీరం వెంబడే సాగింది. మార్చి 3, గురువారం దెనియా ఊరికి ఎదురుగా వచ్చాక తీరం వదిలేసింది. శుక్రవారం ఇబిజా, శనివారం మజోర్కా, ఆదివారం మినోర్కా కనబడ్డాయి. అప్పటికి ఆ మూడు దీవులూ ముస్లింల చేతిలోనే ఉన్నాయి. సబ్తా నుంచి మినోర్కా దాకా 800 మైళ్లని ఆయన లెక్క వేసుకున్నారు. గాలి బాగా అనుకూలించింది. మంగళవారం రాత్రి ఉన్నట్టుండి ఎదురుగా సార్డీనియా నేల ప్రత్యక్షమైంది. మైలు దూరం కూడా లేదు. చీకట్లో ఓడ నేరుగా వెళ్లి ఒడ్డుకు గుద్దుకునేదే. సరిగ్గా అప్పుడే గాలి నేల వైపు నుంచి తిరగబడి ఓడను వెనక్కి నెట్టింది. ప్రాణాలు దక్కినందుకు ఆయన అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకున్నారు.

మంచినీళ్లు, కట్టెల కోసం ఓడ ఆ దీవి దగ్గర లంగరు వేసింది. క్రైస్తవుల భాష తెలిసిన ఒక ముస్లిం ప్రయాణికుడు దగ్గర్లోని ఊరికి వెళ్లి వచ్చి చెప్పిన కబురు ఇబ్న్ జుబైర్‌ను కలచివేసింది. అక్కడి బజారులో బందీలుగా చిక్కిన ముస్లింలు, ఆడా మగా కలిపి 80 మంది దాకా, అమ్మకానికి నిలబడి ఉన్నారట. ఓడలోని హాజీలు చేయగలిగింది దువా ఒక్కటే. ఓడ ముందుకు సాగిపోయింది. ఈ సంగతిని ఆయన పుస్తకంలో నమోదు చేశారు.

సిసిలీ దగ్గర పెద్ద తుపాను పట్టుకుంది. తర్వాత మంచు కప్పుకున్న అగ్నిపర్వతం కనబడింది, క్రీట్ దీవి దాటింది. మార్చి 26న, సరిగ్గా నెల రోజులకు, అలెగ్జాండ్రియాలో దిగారు.

సొంతవాళ్ల రేవులో అవమానం

ఇక ముస్లింల రాజ్యమే. సుల్తాన్ సలాహుద్దీన్ పాలన. కష్టాలు తీరాయనుకున్నారు హాజీలు. కానీ సుంకం అధికారులు ఓడెక్కి ఒక్కొక్కరి పేరు, ఊరు, సరుకు రాసుకున్నారు. దారి ఖర్చులకు తెచ్చుకున్న సొమ్ముకు కూడా జకాత్ కట్టమన్నారు. ఆ సొమ్ము చేతికొచ్చి ఏడాది నిండిందా లేదా అని అడిగినవాళ్లు లేరు. నడుముల్లో చేతులు పెట్టి వెతికారు. ఇంకేమీ దాచలేదని ప్రమాణాలు చేయించారు. తోపులాటలో చాలామంది సామాన్లు పోయాయి.

ఇబ్న్ జుబైర్‌కు సలాహుద్దీన్ అంటే ఎంతో గౌరవం. పుస్తకం నిండా ఆయన న్యాయాన్ని పొగిడారు. అయినా ఈ అవమానాన్ని దాచిపెట్టలేదు. ఇది సుల్తాన్‌కు తెలియక జరుగుతోందని, తెలిస్తే ఆపిస్తాడని నమ్మి మరీ రాశారు.

అక్కడి నుంచి నైలు నది మీదుగా దక్షిణానికి వెళ్లి, ఎడారి దాటి, ఎర్ర సముద్రం ఒడ్డున ఐధాబ్ రేవు చేరారు. ఆ ఎడారి దారిలో హిందుస్థాన్ నుంచి వచ్చిన మిరియాల మూటలు ఒంటెల మీద లెక్కలేనన్ని వెళుతుంటే చూసి ఆశ్చర్యపోయారు. ఐధాబ్‌లో పడవలకు మేకులు ఉండవు, పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేస్తారు. హాజీలను వాటిలో కిక్కిరిసేలా ఎక్కించి డబ్బు గుంజే పడవల వాళ్లను ఆయన గట్టిగానే తిట్టిపోశారు. ముంబయి నుంచి ఓడల్లో జెద్దా వెళ్లొచ్చిన పెద్దలున్న ఇళ్లలో సముద్రపు హజ్ కష్టం ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు.

1183 ఆగస్టులో మక్కా చేరారు. ఎనిమిది నెలలకు పైగా అక్కడే ఉన్నారు. 1184 మార్చిలో హజ్ పూర్తి చేసుకుని మదీనా, బగ్దాద్, మోసుల్, అలెప్పో మీదుగా దమస్కస్ వెళ్లారు.

చేదు నిజం

ఇంటికి ఓడ పట్టుకోవాలంటే క్రూసేడర్ల చేతిలో ఉన్న అక్కా రేవుకు వెళ్లాలి. దారిలో తిబ్నీన్ దగ్గర ఆయన ముస్లిం రైతులను చూశారు. భూములు, ఇళ్లు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. పంటలో సగం, తల పన్ను కట్టాక క్రైస్తవ దొరలు వాళ్ల జోలికి వెళ్లడం లేదు. పక్కనే ముస్లిం జమీందారుల కింద ఉన్న రైతులు తమ దొరల అన్యాయం గురించి మొరపెట్టుకుంటున్నారు. ఇది చూసి ఇబ్న్ జుబైర్ సంతోషించలేదు. ముస్లింలకు వచ్చిన పెద్ద ఆపద ఇదేనని బాధపడ్డారు. అయినా రాశారు. అదే అక్కాలో సంకెళ్లతో వెట్టి పని చేస్తున్న ముస్లిం ఖైదీలను కూడా రాశారు. ఒకటి చెప్పి ఇంకొకటి దాచే అలవాటు ఆయనకు లేదు.

తెరచాప ఓడకు గాలే దిక్కు. అక్కా నుంచి పడమటికి తీసుకెళ్లే తూర్పు గాలి ఏడాదిలో రెండు కాలాల్లోనే వీస్తుంది. వసంతంలో కొన్నాళ్లు, అక్టోబరు నడిమిలో ఇంకొన్నాళ్లు. ఇబ్న్ జుబైర్ ఎక్కిన జెనోవా ఓడ ఆ గాలి కోసం 12 రోజులు ఎదురుచూసింది. ఆ రోజుల్లో ప్రయాణికులు రాత్రిళ్లు ఊళ్లో పడుకునేవారు. అక్టోబరు 18న తెల్లవారుజామున గాలి వచ్చింది, ఓడ వీళ్లను వదిలేసి వెళ్లిపోయింది. ఉరుకులు పరుగుల మీద ఒక పడవ మాట్లాడుకుని, సముద్రంలో ఓడను అందుకున్నారు.

ఆ ఓడలో జెరూసలేం యాత్ర చేసి వస్తున్న క్రైస్తవులే రెండు వేల మందికి పైగా ఉన్నారు. నవంబరు 1 రాత్రి వాళ్ల పండుగ వస్తే ఓడంతా కొవ్వొత్తులు వెలిగించారు. దారిలో ముస్లింలూ పోయారు, క్రైస్తవులూ పోయారు. అందరినీ సముద్రంలోనే సాగనంపారు. గాలి ఎదురు తిరిగింది. కొద్ది వారాల ప్రయాణం రెండు నెలలకు దగ్గరపడింది, తెచ్చుకున్న తిండి నిండుకుంది.

రాజు ఇచ్చిన వంద నాణేలు

డిసెంబరులో, రమజాన్ నెల మొదట్లో, సిసిలీలోని మెస్సీనా దగ్గర అర్ధరాత్రి ఓడ ఒడ్డుకు కొట్టుకుంది. చుక్కాని విరిగింది. అందరూ చావుకు సిద్ధపడ్డారు. తెల్లవారాక ఊరి నుంచి చిన్న పడవలు వచ్చాయి గానీ పడవల వాళ్లు భారీగా డబ్బు అడిగారు. చేతిలో పైసా లేని పేద ముస్లింలు మునిగిపోతున్న ఓడ మీదే నిలబడి చూస్తున్నారు.

ఆ రోజు సిసిలీ రాజు రెండో విలియం మెస్సీనాలోనే ఉన్నాడు. ఓడను చూడటానికి స్వయంగా వచ్చాడు. వాళ్లెందుకు దిగడం లేదని ఆరా తీసి, వాళ్ల తరఫున పడవల వాళ్లకు 100 రుబాయీ నాణేలు ఇప్పించాడు. అందరూ ఒడ్డుకు చేరారు. రాజు అక్కడ లేకపోయి ఉంటే తమ సామాన్లు దోపిడీ అయ్యేవని, తాము బానిసలయ్యేవాళ్లమని ఇబ్న్ జుబైర్ రాసుకున్నారు. ఒకే సముద్రంలో ఒక దీవిలో ముస్లింలను బజారులో పెట్టి అమ్మారు, ఇంకో దీవిలో ముస్లింల కోసం ఒక క్రైస్తవ రాజు డబ్బు కట్టాడు. ఆయన పుస్తకంలో రెండింటికీ చోటుంది.

విలియంకు అరబీ చదవడం, రాయడం వచ్చు. అతని వంటల అధికారి కూడా ముస్లిమే. ట్రపానీ ఊళ్లో ఈద్ నాడు ముస్లింలు డప్పులు, బాకాలతో ఈద్గాకు వెళ్లారు, క్రైస్తవులు అడ్డు చెప్పలేదు. కానీ పైకి కనిపించే ఈ ప్రశాంతత చూసి ఆయన మోసపోలేదు. మతం దాచుకుని బతికేవాళ్లు, బెదిరింపులకు లొంగిపోయినవాళ్లు ఆయనకు తమ గోడు చెప్పుకున్నారు. పిల్లలు దీన్‌కు దూరమైపోతారని భయపడి, ఎవరైనా హాజీ పెళ్లి చేసుకుని ముస్లింల దేశానికి తీసుకెళ్తే చాలని కూతురిని అప్పగించడానికి సిద్ధపడ్డ తండ్రి గురించీ రాశారు. ఆ భయం వట్టిది కాదు. 1220ల నుంచి సిసిలీ ముస్లింలను ఇటలీలోని లూచేరాకు తరలించారు.

1185 ఏప్రిల్ 25న ఇబ్న్ జుబైర్ గ్రనాడాలో తన ఇంటికి చేరారు. వెళ్లి రెండేళ్లు దాటింది. 1187లో సలాహుద్దీన్ జెరూసలేంను తిరిగి గెలిచారని విని, 1189లో మళ్లీ తూర్పుకు బయల్దేరి 1191లో తిరిగొచ్చారు. భార్య చనిపోయాక, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో మూడోసారి వెళ్లారు. ఈ రెండు ప్రయాణాల గురించి పుస్తకం రాయలేదు. మొదటి పుస్తకం మాత్రం నిలిచింది. తర్వాతి యాత్రికులు ఎందరో దాన్ని వాడుకున్నారు, ఇబ్న్ బతూతా గ్రంథంలోనూ దాని వర్ణనలు కనబడతాయి. హాలండ్‌లోని లైడెన్‌లో ఉన్న చేతిరాత ప్రతి ఆధారంగా 1852లో అచ్చయింది.

మూడో ప్రయాణం నుంచి ఆయన ఇంటికి తిరిగి రాలేదు. 1217లో అలెగ్జాండ్రియాలో కన్నుమూశారు. హజ్ దారిలో తొలిసారి అడుగుపెట్టినప్పుడు సుంకం అధికారులు నడుము తడిమి అవమానించిన ఊరు అదే. ఆ ఊళ్లోనే చివరి రోజుల్లో జనం ఆయన దగ్గర కూర్చుని చదువుకున్నారు.