జాన్ కాల్విన్

జాన్ కాల్విన్ (జూలై 10, 1509 - మే 27, 1564) ఫ్రాన్సు దేశంలో జన్మించిన క్రైస్తవ వేదాంతవేత్త, మత సంస్కర్త. ప్రొటెస్టంటులలో రిఫార్మ్‌డ్ శాఖకు చెందిన సంఘాల సిద్ధాంతాలకు రూపమిచ్చినవారిలో ఈయన ప్రముఖుడు. మోషే ధర్మశాస్త్రము దేవుని కృపకు విరుద్ధమైనది కాదని ఈయన బోధించాడు.

జననం, విద్యాభ్యాసం

కాల్విన్ ఉత్తర ఫ్రాన్సులోని నోయాన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి మొదట ఇతనిని మతాచార్యునిగా చేయదలచి పారిస్ నగరానికి పంపాడు. తరువాత మనసు మార్చుకొని ఆర్లియాన్స్, బూర్జ్ నగరాలలో న్యాయశాస్త్రం చదివించాడు. 1534లో సంస్కరణవాదులపై నిర్బంధం తీవ్రం కావడంతో కాల్విన్ ఫ్రాన్సు విడిచి స్విట్జర్లాండులోని బాసెల్ నగరం చేరాడు. క్రైస్తవ మత మూలసూత్రాలను వివరించే ఈయన ప్రధాన గ్రంథం 1536లో అక్కడే వెలువడింది.

జెనీవా జీవితం

అదే సంవత్సరం జెనీవా మీదుగా వెళ్తుండగా గియోం ఫారెల్ పట్టుబట్టి ఈయనను అక్కడే నిలిపివేశాడు. 1538లో నగరపాలకులతో విభేదించి ఇద్దరూ బహిష్కృతులయ్యారు. కాల్విన్ మూడేళ్ళు స్ట్రాస్‌బర్గ్‌లో గడిపాడు. 1540లో ఇడెలెట్ ద బ్యూర్ అనే వితంతువును వివాహమాడాడు. 1541లో తిరిగి జెనీవాకు ఆహ్వానింపబడి మరణించేవరకు అక్కడే ఉన్నాడు.

ధర్మశాస్త్రము, కృప

బైబిలు ప్రకారం ఐగుప్తు దాస్యం నుండి విడుదలైన ఇశ్రాయేలీయులతో దేవుడు సీనాయి పర్వతం వద్ద మోషే ద్వారా నిబంధన చేసి, పది ఆజ్ఞలనిచ్చాడు. మానవునికి రక్షణ కృపవలననే లభిస్తే ఈ ఆజ్ఞలు దేనికనేది సంస్కర్తలకు ఎదురైన ప్రశ్న. ఇశ్రాయేలీయులకు లభించినవి ఐహిక వాగ్దానాలు మాత్రమేనని కొందరు వాదించారు. కాల్విన్ దీనిని అంగీకరించలేదు. అబ్రాహాముతో చేసిన కృపా నిబంధననే మోషే కొనసాగించాడనీ, పాత, క్రొత్త నిబంధనల సారం ఒక్కటేననీ, అమలు జరిగే తీరులోనే భేదమున్నదనీ వివరించాడు. బలులు, ఆచారాలు క్రీస్తును సూచించే ఛాయలని ఈయన భావన.

ధర్మశాస్త్రానికి ఈయన మూడు ప్రయోజనాలు చెప్పాడు. అది అద్దంవలె మనిషికి తన పాపాన్ని చూపుతుంది. దుష్టులను అదుపులో ఉంచుతుంది. విశ్వాసులకు మార్గం చూపుతుంది. వీటిలో మూడవదే ప్రధానమని ఈయన అభిప్రాయం. ఆజ్ఞాపాలన రక్షణకు వెల కాదు, రక్షింపబడినవాని కృతజ్ఞత. 1563లో ప్రచురించిన వ్యాఖ్యానంలో మోషే విధులను పది ఆజ్ఞల క్రింద వర్గీకరించాడు.

సెర్వెటస్ ఉదంతం

త్రిత్వాన్ని నిరాకరించిన మైకేల్ సెర్వెటస్‌ను 1553 అక్టోబరు 27న జెనీవాలో సజీవదహనం చేశారు. దహనానికి బదులు శిరచ్ఛేదం చేయాలని కాల్విన్ కోరినా, మరణశిక్షను సమర్థించాడు. మోషే కాలపు న్యాయవిధులు ఇతర దేశాలకు యథాతథంగా వర్తించవని బోధించిన ఈయన, 1554లో ఈ శిక్షను సమర్థిస్తూ ద్వితీయోపదేశకాండాన్నే ఆధారంగా చూపాడు. సెబాస్టియన్ కాస్టెల్లియో దీనిని తీవ్రంగా ఖండించాడు. కాల్విన్ జీవితంలో మిక్కిలి విమర్శకు గురైన ఘట్టం ఇదే.

మరణం, ప్రభావం

1559లో కాల్విన్ జెనీవాలో విద్యాపీఠాన్ని స్థాపించాడు. 1564లో మరణించగా, ఆయన కోరిక మేరకు గుర్తు లేని సమాధిలో ఖననం చేశారు. 1646లో పూర్తయిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన కూడా మోషే కాలాన్ని కృపా నిబంధనలో భాగంగానే పేర్కొన్నది. అయితే సీనాయి నిబంధన వేరైనదని తరువాత జాన్ ఓవెన్ వాదించాడు. రిఫార్మ్‌డ్ వేదాంతులలో ఈ చర్చ నేటికీ సాగుతున్నది.