ఎడ్గార్ ఎఫ్. కాడ్

ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్ (ఆగష్టు 19, 1923 - ఏప్రిల్ 18, 2003) సుప్రసిద్ధ కంప్యూటరు శాస్త్రవేత్త, డేటాబేసుల రిలేషనల్ నమూనాకు ఆద్యుడు. ఒక సాఫ్టువేరు ఏయే డేటాబేసులతో పనిచేయాలో నిర్ణయించుకొనే వెసులుబాటు నిర్మాతలకు కలగడానికి ఈయన సిద్ధాంతమే పునాది.

జీవితం

కాడ్ ఇంగ్లాండులోని పోర్ట్‌లాండ్ ద్వీపంలో జన్మించాడు. తల్లి ఉపాధ్యాయురాలు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గణితము, రసాయన శాస్త్రము అభ్యసించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు వైమానిక దళంలో విమాన చోదకునిగా పనిచేశాడు. 1948లో అమెరికా వెళ్ళి ఐబీఎం సంస్థలో చేరాడు. సెనేటర్ మెకార్థీ ధోరణికి నిరసనగా 1953లో కెనడాకు తరలిపోయి, 1957లో తిరిగి వచ్చాడు. మిచిగాన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందిన తరువాత శాన్ హోసేలోని ఐబీఎం పరిశోధనాలయంలో పనిచేశాడు.

రిలేషనల్ నమూనా

అప్పటి ఐబీఎం డేటాబేసు ఐఎంఎస్‌లో సమాచారం చెట్టు కొమ్మల వలె అమరి ఉండేది. కావలసిన వివరానికి చేరే దారి ప్రోగ్రాముకు ముందే తెలిసి ఉండాలి. 1970 జూన్‌లో ప్రచురించిన వ్యాసంలో కాడ్ దీనికి భిన్నంగా, సమాచారాన్ని పట్టికలలో ఉంచి, విలువలను బట్టి వెదకాలని ప్రతిపాదించాడు.

ఉదాహరణకు, 2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లా నుండి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. వరంగల్ అనే కొమ్మ గుండా కేసముద్రం మండలాన్ని వెదికే ప్రోగ్రాముకు ఆ తరువాత అది దొరకదు. పట్టికలోనైతే ఆ మండలానికి ఎదురుగా ఉన్న జిల్లా పేరును మహబూబాబాద్‌గా మారిస్తే చాలును. మండలం పేరుతో వెదికే ప్రోగ్రామును ముట్టుకోనక్కరలేదు.

వ్యతిరేకత, గుర్తింపు

ఐఎంఎస్ వలన మంచి రాబడి ఉన్నందున ఐబీఎం ఈ నమూనాను వెంటనే ఉత్పత్తిగా మలచలేదు. 1974లో చార్లెస్ బాక్‌మన్‌తో ఈ విషయమై బహిరంగ చర్చ జరిగింది. ఒరాకిల్ 1979లోనే విపణిలోకి రాగా, ఐబీఎం మొదటి రిలేషనల్ ఉత్పత్తి 1981లో వెలువడింది. అదే ఏడాది కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారం లభించింది. పేరుకు మాత్రమే రిలేషనల్ అనిపించుకొనే ఉత్పత్తులు పెరగడంతో 1985లో పన్నెండు నియమాలను ప్రకటించాడు.

ప్రభావం

ఎస్‌క్యూఎల్ భాష ఈ నమూనా ఆధారంగా ఐబీఎంలో పుట్టినా, కాడ్ దాని లోపాలను విమర్శించాడు. 1986లో ఆ భాషకు ప్రమాణం ఏర్పడినప్పటికీ ఒక్కొక్క డేటాబేసులో ఒక్కొక్క యాస మిగిలిపోయింది. అందువలన ఒక సాఫ్టువేరు మరొక డేటాబేసుకు మద్దతు ఇవ్వాలంటే, ప్రతి మార్పును అందులోనూ పరీక్షించి సరిచేసేవారు ఉండాలి. తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ సాఫ్టువేరు మరియాడీబీ, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్‌లతో పనిచేస్తుంది. ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లకు మద్దతును 2019లో తొలగించారు. కాడ్ కోరిన స్వేచ్ఛ సిద్ధాంతంలో సంపూర్ణమైనా, ఆచరణలో శ్రమతోనే దక్కుతున్నది.

మరణం

కాడ్ 79 ఏళ్ళ వయసులో ఫ్లోరిడాలో గుండె వైఫల్యంతో మరణించాడు. డేటాబేసు రంగంలో ఏటా ఇచ్చే ఒక ప్రముఖ పురస్కారానికి 2004లో ఈయన పేరు పెట్టారు.