ఆయతుల లెక్క, చిలుకూరి వారు

బాగాయంలో మా ఇంట్లో ఉర్దూ, తెలుగు రెండూ నడుస్తాయి. ఖురాన్‌లో 6,666 ఆయతులని నానీ ఎప్పుడూ చెప్పేది. అచ్చు పుస్తకంలో సూరా సూరాకీ కూడితే నాకు 6,236 వచ్చాయి. చెప్పినందుకు నానీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఖురాన్‌ని మొదట తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారి గురించి అప్పుడే చదివాను. శ్రీకాకుళం వైపు పుట్టారు. అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పారు. ఎన్నో భాషలు నేర్చారు. 1937లో ‘ఆంధ్ర భాషా చరిత్రము’ వెలువరించారు. ఆయన ముస్లిం కాదు. అయినా 114 సూరాలనూ తెలుగు చేశారు.

అనువదించే వాళ్లకి మాట ఎక్కడ ఆగుతుందో తెలియాలి. ఆయతుల లెక్కా అంతే. కూఫా పండితులు 6,236 అన్నారు, బస్రా వాళ్లు 6,204. గ్రంథం ఒకటే, ఆగే చోట్లు వేరు. ఫాతిహాలో కూఫా వాళ్లు బిస్మిల్లాని మొదటి ఆయతుగా లెక్కేస్తారు. బస్రా వాళ్లు దాన్ని లెక్కలో వేయకుండా చివరి ఆయతుని రెండు చేస్తారు. ఎలా చూసినా ఏడే. 6,666 మాత్రం మన వైపు నోటిమాటగా నిలిచిపోయిన లెక్క.

మొన్న నానీకి ఫాతిహా అర్థం తెలుగులో చదివాను. వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ వింది. ఏడు దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగాం.