రెసిడెన్సీపై దండెత్తిన తుర్రెబాజ్ ఖాన్

జగ్గయ్యపేట, నందిగామల నుండి హైదరాబాద్ వెళ్ళే మనవాళ్ళకు కోఠీ కొత్త కాదు. అక్కడి పాత రెసిడెన్సీ భవనం నేడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. దాని గోడల ఎదుట నేలకొరిగిన వీరుల సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

1857 నాటికి జగ్గయ్యపేట, నందిగామలు కుంఫిణీ ఏలుబడిలో ఉండేవి. పేట దాటి పడమరకు వెళ్తే నిజాం రాజ్యం. అయితే అక్కడ కూడా అసలు పెత్తనం ఆంగ్లేయ రెసిడెంటుదే. నాటి రెసిడెంటు డేవిడ్‌సన్. ఔరంగాబాద్ వైపు తిరుగుబాటు చేసి హైదరాబాద్ చేరిన జమాదార్ చీదా ఖాన్‌ను, అతని అనుచరులను దివాన్ సాలార్‌జంగ్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. దీంతో నగర ప్రజల గుండెలు మండాయి.

1857 జూలై 17, శుక్రవారం. బేగంబజార్‌కు చెందిన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు రెసిడెన్సీ వైపు కదిలారు. వారు దాదాపు 500 మంది. పుత్లీబౌలిలో రెసిడెన్సీకి ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్‌ల మేడలను ఆక్రమించి, అక్కడి నుండి కాల్పులు జరిపారు.

యుద్ధవిద్యలో ఒక మూలసూత్రం ఉంది. ఒక జట్టు కాల్పులతో శత్రువును తల ఎత్తనివ్వకూడదు. ఆ వ్యవధిలో రెండో జట్టు ముందుకు సాగాలి. తర్వాత ఆ జట్టు కాల్పులు జరుపుతుంటే మొదటిది కదలాలి. రెండింటిలో ఏది లోపించినా దాడి నిలిచిపోతుంది. ఉహద్ యుద్ధంలో కొండపై నిలిపిన 50 మంది విలుకాండ్రలో ఎక్కువమంది తమ చోటు విడిచి దిగినప్పుడు ఏమి జరిగిందో పాఠకులకు తెలిసిందే. అక్కడ కాపు కాసేవారు తొలగిపోయారు. పుత్లీబౌలిలో కాపు ఉంది, కానీ ముందుకు సాగే దారి లేదు.

కారణాలు స్పష్టమే. దాడి వార్త సాలార్‌జంగ్ ద్వారా ముందే రెసిడెంటుకు చేరింది. ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. మేడలకు, రెసిడెన్సీకి మధ్య ఉన్నది ఆచ్ఛాదన లేని బయలు. ఒక్కో గుండూ మళ్ళీ కూరుకొని పేల్చాల్సిన తుపాకులు, ఒక్క పేలుడుతో ఎన్నో ఇనుప గుండ్లను వెదజల్లే ఫిరంగుల నోరు మూయించలేవు. రాత్రంతా పోరాడి, తెల్లవారకముందే మిగిలినవారు చెదిరిపోయారు.

కొద్ది రోజులకే తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డారు. ద్వీపాంతరవాస శిక్ష పడింది. అండమాన్‌కు పంపకముందే, 1859 జనవరి 18న ఆయన చెర నుండి తప్పించుకున్నారు. తల మీద 5,000 రూపాయల బహుమానం ప్రకటించారు. జనవరి 24న తూప్రాన్ వద్ద ఆయనను చంపివేశారు. శవాన్ని నగరానికి తెచ్చి బహిరంగంగా వేలాడదీశారు. మౌల్వీ అల్లాఉద్దీన్‌ను అండమాన్‌కు పంపగా, అక్కడే కన్నుమూశారు.

ధైర్యం ఎంత గొప్పదైనా గోప్యత, సన్నాహం, క్రమశిక్షణ తోడుకాకపోతే అది ప్రాణాలను బలి తీసుకుంటుంది. ఫలితం దక్కనంత మాత్రాన త్యాగం వ్యర్థం కాదు. శవాన్ని వేలాడదీసినవారు భయాన్ని మిగల్చాలనుకున్నారు. మిగిలింది ఆయన పేరే. కోఠీలో స్మారక స్తంభం ముందు నుండి వెళ్ళేటప్పుడు ఆ పేరు మన పిల్లలకు చెబుదాం.