ఫారడే చేసిన ఉక్కు

ఫారడే పేరు వినగానే మన క్లాసులో అందరికీ గుర్తొచ్చేది కాయిల్, అయస్కాంతం, గాల్వనోమీటర్ ముల్లు. నాకు మాత్రం ఆయన ఈమధ్య ఇంకోచోట తగిలాడు. గిలకలదిండిలో బోటున్న మా మావయ్య ఉప్పునీళ్లకి ఆగే మడత చాకు ఒకటి చూడమన్నాడు. బోటు ఫ్యానుకి తాడు చుట్టుకున్నప్పుడు కీలు తుప్పుపట్టి చాకు తెరుచుకోకపోతే ప్రాణం మీదికొస్తుంది. అసలు తుప్పు పట్టని కత్తి ఎవరు మొదలుపెట్టారా అని వెతుకుతూ పోతే ఈయన దగ్గర తేలాను.

మైకేల్ ఫారడే 1791లో ఇప్పటి లండన్‌లో ఓ కమ్మరి ఇంట్లో పుట్టాడు. పద్నాలుగో ఏట బుక్ బైండింగ్ షాపులో పనికి చేరి, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. కాలేజీ లేదు, లెక్కలు అంతంతమాత్రం (మనలో కొందరికి ఇదో ధైర్యం). హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సుని బైండ్ చేసి ఆయనకే పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ల్యాబ్‌లో అసిస్టెంట్ అయ్యాడు.

కొన్నేళ్లకి జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఉక్కు మీద పని మొదలుపెట్టాడు. ఈ స్టోడార్ట్‌కి మన దేశపు వూట్జ్ ఉక్కంటే మహా గురి. వూట్జ్ అంటే మన ఉక్కే, ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి అలా అయిందంటారు. తెలంగాణలోని కోనసముద్రం ఆ ఉక్కుకి పేరున్న ఊరు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు ఉక్కు మన మచిలీపట్నం రేవు మీదుగా పర్షియా వెళ్లేది. పాపం, మావయ్య ఊరి పక్కనుంచే వెళ్లిన సరుకు ఇది.

ఫారడే 1819లో వూట్జ్‌ని పరీక్షించి, దాని గొప్పదనం అందులోని కొద్దిపాటి అల్యూమినా, సిలికా వల్లే అనుకున్నాడు. అది తప్పు. కానీ ఆ తప్పే ఆయన్ని మిశ్రమాల్లోకి దింపింది. ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం, ఏది దొరికితే అది కలిపి చూశాడు. నికెల్ దగ్గర విచిత్రం జరిగింది. ఇనుములో కలిపితే తుప్పు తగ్గింది, ఉక్కులో కలిపితే ఇంకా త్వరగా పట్టింది. క్రోమియం కూడా కలిపాడు, కానీ సుమారు 3 శాతం దగ్గర ఆగిపోయాడు. 1823లో స్టోడార్ట్ చనిపోయాక ఆ పనీ చల్లబడింది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ దాదాపు 13 శాతం వేశాకే తుప్పుకి ఆగే కత్తి ఉక్కు వచ్చింది. ఆ పది శాతం తేడాకి తొంభై ఏళ్లు పట్టింది!

క్రోమియం ఉక్కు పైన కంటికి కనిపించని ఆక్సైడ్ పొర కడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరని చిన్న చిన్న గుంటలుగా తినేస్తుంది. పదును కోసం కార్బన్ పెంచితే, అది క్రోమియంలో కొంత పట్టుకుపోతుంది. అందుకే సముద్రం చాకుల్లో కార్బన్‌కి బదులు నైట్రోజన్ వాడిన ఎల్‌సీ200ఎన్ లాంటి ఉక్కులు వచ్చాయి. ధర ఎక్కువే, నా లెక్కలో మాత్రం దండగ కాదు.

1824లో డేవీ ఓడల అడుగునున్న రాగిరేకులు ఉప్పునీళ్లకి పాడవకుండా జింకు, ఇనుము ముక్కలు తగిలించే ప్రయోగాలు చేస్తే, ఫారడే అందులోనూ చెయ్యి వేశాడు. రాగి ఆగింది, బదులుగా జింకు, ఇనుమే కరిగాయి. రాగి విషం నీళ్లలోకి దిగడం ఆగేసరికి నత్తగుల్లలు వచ్చి రేకులకి అతుక్కున్నాయి, అది వేరే గొడవ. చాకులో ఇత్తడి పట్టీల మధ్య మామూలు ఉక్కు బ్లేడు ఉంటే ఉప్పునీళ్లలో ఇదే జరుగుతుంది, కరిగేది బ్లేడే. అందుకని మావయ్యకి ఇత్తడి లేనిది, కీలు దగ్గర నీళ్లు నిలవకుండా తెరిపి ఉన్నది చూశాను. వాడాక మంచినీళ్లతో కీలు కడగమని కూడా చెప్పాను. ఎంత మంచి ఉక్కయినా ఆ సందులో ఉప్పు ఎండితే కష్టమే.

1831లో విద్యుత్ ప్రేరణ కనిపెట్టాక ఫారడే మళ్లీ ఉక్కు జోలికి పెద్దగా రాలేదు. నైట్‌హుడ్ వద్దన్నాడు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవీ వద్దన్నాడు. 1867లో పోయాడు. ఆయన చేసిన ఉక్కు ముక్కలు ఓ చెక్కపెట్టెలో మిగిలిపోయాయి. రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ వాటిని ఒక్కొక్కటే పరీక్షించి 1931లో ఫలితాలు ప్రకటించాడు. మొత్తం 79 ముక్కలు. వాటిలో క్రోమియం ఉక్కూ ఉంది.