ఖజానాను గాడిన పెట్టిన దివాన్ మొదటి సాలార్ జంగ్

సాలార్ జంగ్ అనగానే హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న మ్యూజియం గుర్తుకొస్తుంది. అక్కడి కళాఖండాల్లో అధికభాగం సేకరించినది మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ఆయన తాత, మొదటి సాలార్ జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ మిగిల్చి వెళ్లినది మాత్రం అద్దాల వెనుక పెట్టి చూపగలిగేది కాదు. అది ఒక పాలనా వ్యవస్థ.

1829లో జన్మించిన తురాబ్ అలీ ఖాన్, పినతండ్రి సిరాజ్ ఉల్ ముల్క్ మరణంతో 1853 మే నెలలో 24 ఏళ్ల వయసులో నిజాం సంస్థాన దివాన్ అయ్యారు. అంతకు కొద్దిరోజుల ముందే బ్రిటిష్ సైనిక దళం ఖర్చుల బకాయిల కింద బేరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ ప్రాంతాల నిర్వహణ కంపెనీ చేతికి వెళ్లింది. నిజాం ఆభరణాలు సైతం తాకట్టులో ఉన్నాయి.

ఈ దుస్థితికి పాలకులు తరచూ మారడమే కారణమనుకుంటే పొరపాటు. 1843 వరకు దశాబ్దాల పాటు అధికారం చందూలాల్ ఒక్కరి చేతిలోనే ఉంది, అప్పులు పెరిగింది ఆ కాలంలోనే. అసలు లోపం గుత్త పద్ధతిలో ఉంది. శిస్తు వసూలు హక్కును ముందస్తు సొమ్ము చెల్లించినవారికి అప్పగించేవారు. వచ్చే ఏడు ఆ హక్కు తన వద్ద ఉంటుందో లేదో తెలియని గుత్తేదారు, ఈ ఏడే రైతు నుంచి వీలైనంత రాబట్టేవాడు. చెరువు బాగుచేయించాలన్న ఆలోచన అతనికి ఎందుకు కలుగుతుంది?

సాలార్ జంగ్ ఈ పద్ధతిని దశలవారీగా తొలగించారు. వసూలు బాధ్యతను జీతంపై పనిచేసే ఉద్యోగులకు అప్పగించారు. హాలీ సిక్కా నాణేల ముద్రణను ప్రభుత్వ టంకశాల పరిధిలోకి తెచ్చారు. 1864లో రెవెన్యూ బోర్డు ఏర్పడగా, 1865 నాటి జిలాబందీతో సంస్థానం జిల్లాలు, తాలూకాలుగా విభజితమైంది. ఒకప్పుడు గుత్తేదారుకు చెల్లిన తాలూక్‌దార్ అనే మాట, ఆ తర్వాత జిల్లా అధికారి హోదాకు పేరయింది. మాట అదే, దాని వెనుక జవాబుదారీతనం కొత్తది.

ఈ స్థిరత్వానికి మూల్యం తప్పలేదు. 1857 జూలైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగినప్పుడు సాలార్ జంగ్ బ్రిటిష్ పక్షాన నిలిచారు. ఆ నిర్ణయంపై విమర్శ నేటికీ ఉంది. దానికి ప్రతిఫలంగా 1860 ఒప్పందంతో రూ.50 లక్షల రుణం రద్దయింది, రాయచూర్, ధారాశివ్ తిరిగి వచ్చాయి. బేరార్ రాలేదు. దానికోసం ఆయన దీర్ఘకాలం ప్రయత్నించినా ఫలించలేదు. 1902లో అది శాశ్వత కౌలు కింద బ్రిటిష్ వారికే దక్కింది.

వ్యవస్థకు అసలు పరీక్ష 1869లో ఎదురైంది. నిజాం అఫ్జల్ ఉద్దౌలా మరణించేనాటికి వారసుడు మహబూబ్ అలీ ఖాన్ మూడేళ్లు నిండని పసివాడు. సహ రాజప్రతినిధిగా సాలార్ జంగ్ పాలన కొనసాగించారు. సింహాసనంపై శిశువు ఉన్నా శిస్తు యంత్రాంగం ఆగలేదు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం ప్రారంభమైంది.

అయితే సంస్కరణలు ప్రధానంగా దివానీ భూములకే పరిమితమయ్యాయి. జాగీర్లు, పాయిగాలు, నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్ భూములు వాటి పరిధి వెలుపలే ఉండిపోయాయి. వసూలు అధికారం కోల్పోయిన దేశ్‌ముఖ్‌లకు రుసుం రూపంలో పరిహారం దక్కింది. భూముల నమోదు సమయంలో వారిలో పలువురు విస్తారమైన భూములను తమ పేర రాయించుకున్నారు. తెలంగాణ రైతాంగం 1940వ దశకంలో సాయుధంగా ఎదిరించింది ఆ భూస్వామ్యాన్నే. జాగీర్ల రద్దు 1949లో గానీ జరగలేదు.

1883 ఫిబ్రవరి 8న కలరాతో సాలార్ జంగ్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ముప్పై ఏళ్ల పదవీకాలం ఆయనతో ముగిసింది. ఆయన వేసిన జిల్లా వ్యవస్థ మాత్రం సంస్థానం భారతదేశంలో విలీనమయ్యే వరకూ పాలనకు పునాదిగా నిలిచింది.